మూడు షిఫ్టుల గృహిణి

మణుగూరు,
20 నవంబరు 2024

ఒసేయ్ షరీఫా,

కంగారుపడకు, బతికే ఉన్నాను. చచ్చుంటే కబురు ఫోన్లో వచ్చేది, ఇలా తపాలా కవరులో కాదు. పెనుబల్లి హైస్కూలు వదిలాక రెండేళ్లు ఉత్తరాలు రాసుకున్నాం. తర్వాత నీకు నిఖా, నాకు పెళ్లి, ఇద్దరికీ అంట్లు. ఇన్నేళ్లకు మళ్లీ కలం పడితే నా అక్షరాలు చూడు, కోడి కెలికినట్టున్నాయి.

ఫోనుండగా ఈ రాతలేమిటంటావా? మా ఇంట్లో ఉన్నది ఫోను కాదు, మైకు. ముప్పై నాలుగేళ్లు బొగ్గుగనిలో డంపరు తోలి మా ఆయన చెవులు పాడయ్యాయి కదా, ఎవరి ఫోనొచ్చినా స్పీకరు పెట్టి పెరట్లోకి తెస్తారు. మొన్న నువ్వు నా విరేచనాల సంగతి అడిగావు. నేను నోరు తెరిచేలోగా గోడవతల నుంచి పక్కింటి బాలి "ఇయ్యాల నయమే అక్కా, నాలుగేసార్లు" అని నీకు జవాబు చెప్పేసింది. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, నా పేగు సంగతులు ఇక కాగితం మీదే అని.

పేగంటే గుర్తొచ్చింది. ఆపరేషనులో కణితితోపాటు జానెడు పెద్దపేగు కోసి తీసేశారు కదా, నువ్వు అన్నా అని పిలిచే మా ఆయన చూడవచ్చిన వాళ్లందరికీ ఒకటే మాట చెబుతున్నారు. "పేగు జానెడు తగ్గింది గని, నాలుక ఇంచు గూడ తగ్గలే." వాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను, కుట్లు లాగుతాయి.

ఇక మాత్రలు. క్యాన్సరు మళ్లీ రాకుండా ఎనిమిది విడతలన్నారు. రెండు వారాలు మాత్రలు, ఒక వారం సెలవు, అది ఒక విడత. లేచి తిన్నాక ఒక పూట, పడుకోబోయే ముందు తిన్నాక ఒక పూట. మీ ఇంట్లో ఉండగా మొదటి విడత చీమ కుట్టినట్టు కూడా లేకుండా గడిచింది. ఇక్కడికొచ్చాక రెండోది, మూడోది మాత్రం నన్ను ఉతికి ఆరేశాయి. అరికాళ్లు పారాణి పెట్టినట్టు ఎర్రబడ్డాయి. యాభై ఎనిమిదేళ్లకు పెళ్లికూతురి కాళ్లు. అరిచేతులు పొట్టు లేస్తున్నాయి, నోట్లో పుండ్లు. ఆవకాయ మానేశాను. నేను ఆవకాయ మానేశానంటే సంగతి ఎందాకా వచ్చిందో నీకు అర్థమై ఉంటుంది.

అన్నట్టు ఈ మాత్రల లెక్క మా ఇంటికి భలే కుదిరింది. మాకూ మూడు వారాలకే చుట్టు తిరుగుతుంది. నీకెప్పుడూ చెప్పలేదు, సిగ్గేసి. మీ అన్న రిటైరై ఐదేళ్లయినా మా ఇంట్లో ఇంకా షిఫ్టులు నడుస్తున్నాయి. ఒక వారం ఫస్ట్ షిఫ్టు: తెల్లవారుజామున మూడున్నరకు లేచి వండి క్యారేజీ కడతాను. ఆయన అది పట్టుకుని గని గేటు దగ్గరికి పోయి పాత జట్టుతో కూర్చుని వస్తారు. పై వారం సెకండ్ షిఫ్టు: అర్ధరాత్రి అన్నం, ఒంటిగంటకు పడక, తొమ్మిదికి లేవడం. ఆ పై వారం నైట్ షిఫ్టు: పొద్దున ఎనిమిదికి తిని, కిటికీకి నల్ల దుప్పటి కట్టుకుని పడుకుంటాం, సాయంత్రం నాలుగుకు లేస్తాం. ఆయన ఒళ్లు అలా అలవాటు పడిపోయింది, పాపం, మార్చుకోలేరు. ఆయనకు రిటైర్మెంటు ఆర్డరు వచ్చింది, నాకు రాలేదు, అంతే తేడా. ఇల్లు ఊడ్చే జంపక్క అడవి పక్క గూడెం నుంచి వస్తుంది, కోడి కూతతో లేచే మనిషి. మొన్న గుమ్మంలో నిలబడి, "అమ్మా, మీ ఇంట్ల పొద్దెప్పుడు పొడుస్తదో చెప్తే గప్పుడే వస్త" అంది.

ఇంకొక సంగతి. రెండు విడతల్లోనూ చివరి పూటకు మాత్రలు లేకుండా పోయాయి. మీ ఖమ్మంలో మందుల షాపువాడు లెక్క తగ్గించి ఇస్తున్నాడు. ఫోన్లో ఏకిపారేశాను. అదీ స్పీకర్లోనే, వీధంతా నా తరఫున మాట్లాడారు.

నా కాళ్ల సంగతి ఆఫియాకు మాత్రం చెప్పకు. నీ కూతురు నాకు ఆపరేషనైన వార్డులోనే నర్సు. డాక్టరు చెవిన వేసిందంటే మాత్రలు ఆపేస్తారు. ఆపితే ఏమవుతుందో అడిగే ధైర్యం నాకు లేదు.

నీ
జానెడు తక్కువ సుబ్బరత్నం

*

ఖమ్మం,
28 నవంబరు 2024

జానెడు తక్కువ రత్నానికి,

నీ ఉత్తరం కమాన్‌బజారులో మా గాజుల దుకాణానికే వచ్చింది. చదివి, నవ్వి, కళ్లు తుడుచుకుని గాజుల పెట్టెల కింద దాచాను. నేను దాచిన వస్తువు నాకు తప్ప లోకంలో అందరికీ దొరుకుతుంది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన ఆఫియాకు దొరికింది. కాబట్టి నీ రహస్యం బజారున పడింది, తిట్టుకో.

ఆ పిల్ల నవ్వలేదు. రెండుసార్లు చదివి, "అమ్మీ, రత్నం ఖాలా ఏ రోజు ఏ టైముకు ఏసుకున్నదో రాసి పంపమను" అంది. తర్వాత, ఆపరేషనుకు ముందు దవాఖానాలో నింపిన ఫారం గుర్తుందా అని అడిగింది. గుర్తులేకేం, నింపింది నేనే. నువ్వు కళ్లజోడు మణుగూరులో మరిచి వచ్చావు. అన్న చెయ్యి వణుకుతోందని కలం నాకిచ్చాడు. వృత్తి అన్నచోట గృహిణి అని రాశాను. రాత్రి డ్యూటీలు చేశారా అన్నచోట లేదు అని రాశాను. పక్కనుంచి అన్న "నేను చేసిన చెల్లె, ముప్పై నాలుగేండ్లు" అన్నాడు. నేను పెద్ద తెలివిగలదాన్నల్లే, ఇది రోగి ఫారం అన్నా, మీది కాదు అని నోరు మూయించాను. ఇంట్లో ఉండే ఆడదానికి డ్యూటీ ఏముంటుందనుకున్నాను. అనుకున్నది ఎవరు? పొద్దున ఐదు నుంచి నడుం వాల్చని నేను.

ఆఫియా నాకు అర్థమయ్యేలా చెప్పడానికి గంట పట్టింది. నీకు నాలుగు ముక్కల్లో చెబుతాను. మన ఒంట్లో గడియారం ఉంటుందట. తలలో ఒక పెద్దది, ఒక్కో అవయవంలో చిన్నవి. పెద్దది వెలుగు చూసి వేళ దిద్దుకుంటుంది, చిన్నవి మనం తినే వేళను కూడా చూసుకుంటాయి. కణం ఎప్పుడు రెండవ్వాలి, పాడైన చోటు ఎప్పుడు బాగుచేసుకోవాలి, అన్నిటికీ వాటికి వేళలున్నాయి. వారానికోసారి పగలూ రాత్రీ తారుమారు చేస్తే ఆ గడియారాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసేవాళ్లకు కొన్ని రకాల క్యాన్సర్లు ఎక్కువ వస్తాయేమోనని పెద్ద డాక్టర్లకు చాలాకాలంగా అనుమానం. ఫలానా మనిషికి దానివల్లే వచ్చిందని మాత్రం ఎవరూ చెప్పలేరట. ఇది రెండుసార్లు చెప్పమంది, అందుకే మళ్లీ రాస్తున్నాను. ఎవరూ చెప్పలేరు.

నా సంగతి విను. తెల్లవారుజాము ఫజర్ నమాజుకు నాకు అలారం లేకుండా మెలకువ వస్తుంది. అల్లా నన్ను పేరుపెట్టి లేపుతున్నాడని నలభై ఏళ్లుగా అత్తవారింట్లో గొప్పలు చెప్పుకున్నాను. ఇప్పుడు కూతురు అది గడియారం అంటోంది. ఆ గడియారం పెట్టిందెవరే అని అడిగి పరువు దక్కించుకున్నాను.

వేళలు రాసి పంపు. మందుల షాపువాణ్ని మళ్లీ తిట్టకు, నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు.

నీ
షరీఫా

*

మణుగూరు,
8 డిసెంబరు 2024

షరీఫా,

క్యాలెండరు వెనక వేళలన్నీ వేసి చూసుకున్నాను. చూసుకుని కాసేపు గోడకు తల ఆనించి కూర్చున్నాను.

మొన్న రెండో తారీఖు సోమవారం, నాలుగో విడత మధ్యలో, జరిగిన సంగతి చెబుతాను, అదొక్కటి చాలు. ఆదివారం దాకా సెకండ్ షిఫ్టు. అర్ధరాత్రి తిని, పడుకోబోయే ముందు మాత్రలు వేసుకున్నాను. సోమవారం తొమ్మిదికి లేచి, తిని, పదింటికి మాత్రలు వేసుకున్నాను. ఆ రోజు నుంచి నైట్ షిఫ్టు కదా, మధ్యాహ్నం పడుకుని నాలుగుకు లేచాం. లేచి తిన్నాక ఒక పూట అని డాక్టరు చెప్పారా లేదా? ఐదింటికి మళ్లీ వేసుకున్నాను. పదిహేడు గంటల్లో మూడు పూటలు. రెండో విడతలో, మూడో విడతలో కూడా షిఫ్టు మారిన సోమవారం ఇదే నిర్వాకం. కళ్లు తెరిచిన ప్రతిసారీ తెల్లవారిందనుకునే మనిషిని దేవుడు నన్నొక్కదాన్నే పుట్టించినట్టున్నాడు. చివరి పూట మాత్రలు ఎక్కడికి పోయాయో తెలిసింది. షాపువాడికి ఫోను చేసి క్షమించమన్నాను. బాలి కూడా గోడవతల నుంచి క్షమించమంది.

ఇవన్నీ ఆఫియాకు చూపించు, సరే. కానీ మీ అన్నకు తెలియకూడదు. నవ్వులాటకు అనడం లేదు.

నువ్వు రాత్రి డ్యూటీ మాట రాశావు చూడు, అది చదివిన దగ్గర్నుంచి నాకు నా రోగం భయం పోయి ఆయన భయం పట్టుకుంది. కొత్త కాపురంలో ఆయన నైట్ షిఫ్టుకు పోతూ రోజూ చెప్పేవారు, "నువ్వు పడుకో రత్నం, నేనొచ్చి పెట్టుకొని తింట" అని. నేను పడుకోలేదు. పక్క క్వార్టరాయన గనిలో డంపరు కింద పడి పోయాడని కబురొచ్చింది ఒక రాత్రి. అప్పటి నుంచి ఆయన గుమ్మం దాటి లోపలికి వచ్చేదాకా నాకు కన్ను మూతపడేది కాదు. ఎవరూ లేపలేదే, నేనే లేచాను. వంట సాకు, అసలు కాపలా. కానీ ఇది ఆయనకు చెబితే ఒప్పుకుంటారా? తన డ్యూటీలే నాకు ఈ రోగం తెచ్చాయని ఒకసారి మనసులో పడితే ఆ మనిషి ఇక అన్నం తినడు. ముప్పై నాలుగేళ్లు వంద టన్నుల బండి తోలిన మనిషి, నన్ను ఆపరేషను గదిలోకి తీసుకెళుతుంటే నా చెప్పులు చేతిలో పట్టుకుని ఏడ్చారు. ఆయన్ను నేను మళ్లీ అలా చూడలేను.

ఆయనకు షిఫ్టులు మానమని చెప్పాలన్నా ఎందుకో చెప్పాలి. కాబట్టి చెప్పను.

అరికాళ్లు పగిలాయి. నిన్న స్నానాల గదిలో జారాను. దెబ్బ తగల్లేదు, బకెట్టుకే తగిలింది.

నీ
సుబ్బరత్నం

*

ఖమ్మం,
14 డిసెంబరు 2024

రత్నం,

నవ్వించాలని చూడకు. బకెట్టు సంగతి చదివి నాకు నవ్వు రాలేదు.

ఆఫియా డాక్టరుకు చెప్పింది. ఈ సోమవారం మాత్రలు మొదలుపెట్టవద్దన్నారు. చర్మం, నోరు మానాక జనవరి ఆరున ఐదో విడత మొదలుపెట్టాలి. మోతాదు కొంచెం తగ్గిస్తారు. పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది. నువ్వు లేచినా లేవకపోయినా, అన్న తిన్నా తినకపోయినా. ఇంకా నాలుగు విడతలున్నాయి. మళ్లీ ఇలాగే ఒళ్లు చెడితే మాత్రలు పూర్తిగా మాన్పించేస్తామన్నారు. మాన్పిస్తే ఏమవుతుందో అడిగే ధైర్యం నీకు లేదన్నావు. నేను అడిగాను. మిగిలిపోయిన కణం ఎక్కడైనా ఉంటే దానికి అడ్డం ఉండదన్నారు.

రాత్రి పూట నిద్ర కూడా కావాలట నీకు. తుకడా తుకడాగా కాదు, ఒక్కపట్టున.

అన్నకు చెప్పు. చెప్పలేకపోతే ఇక్కడికి వచ్చేయ్, గాజుల పెట్టెలు జరిపి మంచం వేస్తాను. రెండూ చేయకపోతే నేనే ఫోను చేస్తాను. స్పీకర్లో వీధంతా వింటే విననీ.

షరీఫా

*

మణుగూరు,
17 జనవరి 2025

షరీఫా,

ఇది బాలి చేత పంపుతున్నాను, వాళ్ల తమ్ముడింటికి ఖమ్మం వస్తోంది. పోస్టుకు ఆగే ఓపిక లేదు. కవరు అంటించి పైన టేపు కూడా వేశాను. బాలి సంగతి తెలుసు కదా.

ఆరో తారీఖు నుంచి ఎనిమిదికీ ఎనిమిదికీ వేసుకుంటున్నాను, దొంగతనంగా. అలారం పెట్టినా ఆయనకు వినపడదు, ఆ చెవుల వల్ల ఇన్నాళ్లకు ఒక మేలు జరిగింది. సెకండ్ షిఫ్టు వారమంతా పొద్దున ఏడున్నరకు పిల్లిలా వంటింట్లోకి పోయి రెండు ఇడ్లీలు మింగి మాత్రలు వేసుకోవడం, మళ్లీ పోయి ఆయన పక్కన నిద్ర నటించడం, తొమ్మిదికి ఆయనతోపాటు కొత్తగా లేవడం. రాత్రి ఎనిమిదికి ఒకసారి తినడం, అర్ధరాత్రి ఆయన ఒక్కరూ తింటారా పాపమని మళ్లీ తినడం. క్యాన్సరు మనిషి చిక్కిపోతుందంటారు. నాకు జాకెట్లు పట్టడం లేదు.

ఇంతవరకూ నవ్వుకో. ఇక మీది రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను.

ఈ సోమవారం నైట్ షిఫ్టులోకి మారాం. మంగళవారం పొద్దున ఎనిమిదికి తిని మాత్రలు వేసుకుని నడుం వాల్చాను. కిటికీకి నల్ల దుప్పటి, గది చీకటి. ఉలిక్కిపడి లేచాను. గడియారంలో ఎనిమిదీ నలభై. అయ్యో, రాత్రి మాత్రల వేళ దాటిపోయిందే అని గబగబా వంటింట్లోకి పోయి, అక్కడా తలుపులు మూసే ఉన్నాయి, రెండు ముద్దలు తిని మాత్రలు మింగాను. నీళ్లు పారబోద్దామని పెరటి తలుపు తీస్తే ఎండ మొహాన కొట్టింది. జంపక్క చీపురుతో నిలబడి ఉంది. ఎనిమిదీ నలభై పొద్దునే. నేను నిద్రపోయింది అరగంట. నా ఒళ్లు దాన్ని ఒక రోజు కింద లెక్కేసింది.

గొంతులో వేలు పెట్టి కక్కుకున్నాను. ఎంత పోయిందో, ఎంత మిగిలిందో తెలియదు. ఆయనతో వంకాయ పడలేదని చెప్పాను. మూడు రోజులుగా విరేచనాలు, కాళ్లు మళ్లీ మండుతున్నాయి.

చిన్నప్పుడు లెక్కల్లో నువ్వు నా పలక చూసి రాసేదానివి, గుర్తుందా? ఆ సుబ్బరత్నానికి ఇప్పుడు పొద్దో రాత్రో తెలియడం లేదు. నాకు భయంగా ఉంది షరీఫా. నాకు బతకాలని ఉంది. ఇంతకుముందు ఎవరితోనూ ఈ మాట అనలేదు, అత్యాశలా ఉంటుందని.

నీ
రత్నం

*

ఖమ్మం,
19 జనవరి 2025, ఆదివారం

రత్నం,

ఇది నీకు చేరేసరికి నేను హైదరాబాదులో ఉంటాను. అక్కడ మా అమ్మాయి ఇరమ్‌కు నొప్పులు మొదలయ్యాయని అల్లుడు ఫోను చేశాడు, రాత్రి బండికి పోతున్నాం. మనవడో మనవరాలో నీలా వేళాపాళా లేకుండా పుట్టేలా ఉంది.

నేను నీకు ద్రోహం చేశాను. చేసినందుకు బాధ లేదు. నీ ఉత్తరం చదవగానే ఆఫియా డాక్టరును అడిగింది. ఈ విడత మిగతా మాత్రలు ముట్టుకోవద్దు, వెంటనే రక్తపరీక్ష చేయించి పంపాలి అన్నారు. ఇక దాయడానికి ఏం మిగిలింది? మధ్యాహ్నం అన్నకే ఫోను చేశాను.

ఎప్పటిలాగే స్పీకరు పెట్టాడు. అన్నా, రత్నం మాత్రల సంగతి అన్నాను. "ఆగు చెల్లె" అన్నాడు. టక్కుమని శబ్దం వచ్చింది, చుట్టూ ఉన్న రొద ఆగింది. స్పీకరు తీసేసి కాస్త వినపడే చెవికి ఆనించుకున్నాడు. నేను వేళల సంగతి చెప్పాను, సోమవారాల సంగతి చెప్పాను, మొన్న మంగళవారం వంకాయ కాదని చెప్పాను. నువ్వు వద్దన్నావని రాత్రి డ్యూటీలకూ రోగానికీ సంబంధం మాట మాత్రం ఎత్తలేదు. నేను ఎత్తకుండానే ఆయన అడిగాడు.

"గీ రోగం నా షిఫ్టులతోనే వచ్చిందా చెల్లె?"

నేనేం చేశానో చూడు. ఇన్ని మాటల దుకాణం, ఒక్క మాట లేకుండా ఫోను పెట్టేసింది. ఆ జవాబు నువ్వే చెప్పాలి.

నన్ను తిట్టాలనుకుంటే హైదరాబాదు అడ్రసు కవరు వెనక రాశాను.

షరీఫా

*

మణుగూరు,
28 జనవరి 2025

అమ్మమ్మకు,

బేటీ పుట్టిందని ఆఫియా చెప్పింది. తెల్లవారుజామున నాలుగుకట. నాకు తెలిసిన వేళే. ఆ సమయానికి క్యారేజీ కడుతూ ఉండేదాన్ని. పాపకు నా ముద్దులు, ఇరమ్‌కు దీవెనలు. నీకు మాత్రం తిట్లు. అవి ఆఖర్న రాస్తాను, చోటు మిగిలితే.

నువ్వు ఫోను చేసిన ఆదివారం ఆయన ఫోను పెట్టగానే చొక్కా వేసుకున్నారు. నన్ను రక్తపరీక్షకు తీసుకెళ్లి తెచ్చారు, అంతే. సోమవారం ఫస్ట్ షిఫ్టు. అలవాటు చొప్పున మూడున్నరకు లేచాను. వంటింట్లో లైటు వెలుగుతోంది. ఆయన ఖాళీ క్యారేజీ ముందు పెట్టుకుని పీట మీద కూర్చుని ఉన్నారు.

"ఇయ్యాల క్యారేజీ వద్దు. దూలయ్యకు చెప్పిన" అన్నారు.

దూలయ్య ఆయన జట్టులో కుర్రవాడిగా చేరి ఇప్పుడు సీనియరైనవాడు. అతనికీ దీనికీ ఏమిటి సంబంధం అని అడిగాను. అప్పుడు బయటపెట్టారు మహానుభావుడు. ఐదేళ్ల కింద, రిటైరైన మొదటి సోమవారం ఆయన హాయిగా పడుకున్నారట. మూడున్నరకు నేను లేచి, వండి, క్యారేజీ కట్టి, బల్ల మీద పెట్టి, దాని ముందు కూర్చున్నానట. గంటసేపు దాన్నే చూస్తూ. నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఆయన మంచం మీద నుంచి చూశారట. "నువ్వు ఆగమైతవని భయపడ్డ రత్నం. డ్యూటీ లేదంటే నీకు పిచ్చి లేస్తదనుకున్న" అన్నారు. లేచి, జట్టుతో కూర్చుని తింటానని క్యారేజీ పట్టుకుపోయారు. గేటు దగ్గర దూలయ్యకు పెట్టారు. అప్పటి నుంచి మూడు వారాలకొక వారం నా వంట తింటున్నది దూలయ్య. ఆ మనిషికి పొట్ట ఎందుకొచ్చిందో నాకు ఇప్పుడు తెలిసింది.

అంటే ఆయనకు షిఫ్టులు అక్కర్లేదే. నాకు కావాలనుకుని ఆయన నడిపారు. ఆయనకు కావాలనుకుని నేను నడిపాను. ఐదేళ్లు ఇద్దరు ముసలివాళ్లం నల్ల దుప్పటి కట్టుకుని పట్టపగలు ఒకరికోసం ఒకరు నిద్ర నటించాం. ఒక్కరన్నా "నాకు నిద్రొస్తోంది" అంటే సరిపోయేది. నేను నవ్వడం మొదలుపెట్టాను, ఆగలేదు. ఆయన నవ్వలేదు.

"నా షిఫ్టులతోనే వచ్చిందా ఇది?" అని అడిగారు.

దీనికోసం రెండు నెలలుగా అబద్ధాలు సిద్ధం చేసుకుని ఉన్నాను షరీఫా. ఒక్కటీ నోటికి రాలేదు. ఎవరూ చెప్పలేరని డాక్టర్లే అన్నారన్నాను. అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. "మీరు పడుకోమనే చెప్పారు. మీరు తిరిగొస్తారో రారోనని నేనే కూర్చున్నాను. ఆ రాత్రులు మళ్లీ ఇస్తే మళ్లీ కూర్చుంటాను" అన్నాను. ఆయన చాలాసేపు క్యారేజీ గిన్నెలు ఒకదానిలో ఒకటి పెడుతూ తీస్తూ ఉండిపోయారు. ఏడ్చారు. నేనూ ఏడ్చాను. అయినా ఆ రోజు ఆయన అన్నం తిన్నారు. పొద్దున ఎనిమిదికి, నాతోపాటు.

నల్ల దుప్పటి జంపక్కకు ఇచ్చేశాం. రాత్రి పదికి పడుకుంటున్నాం. మొదటి మూడు రాత్రులూ ఇద్దరం చెక్కల్లా పడుకుని పైకప్పు చూశాం. నాలుగో రాత్రి ఆయన గురక వినిపించింది, తర్వాత నాకేమీ వినిపించలేదు. లేచేసరికి జంపక్క వాకిలి ఊడుస్తోంది. ఈ ఇంట్ల కూడా పొద్దు పొడిచిందని గూడెమంతా చెప్పుకుందట.

నిన్న ఖమ్మం వచ్చాం, నువ్వు లేవు. రక్తం బాగానే ఉందన్నారు. నా అదృష్టం అన్నారు డాక్టరు, అన్నప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు. చేతులు, కాళ్లు ఇంకా కొంచెం మానాలి, అందుకని ఆరో విడత వచ్చే సోమవారం. ఇంకా మూడున్నాయి. తర్వాత ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఆ సంగతి నేను ఇప్పుడు అడగగలుగుతున్నాను, అడిగాను కూడా.

వివరాలు మళ్లీ సరిగా రాయాలని ఆఫియా కొత్త ఫారం తెచ్చింది. ఈసారి నా కళ్లజోడు నా దగ్గరే ఉంది. కానీ ఆయన కలం లాక్కున్నారు. గడి గడికీ తనే రాశారు. వృత్తి: గృహిణి, మూడు షిఫ్టులు. ఎన్నేళ్లు: ముప్పై ఎనిమిది. రాత్రి డ్యూటీ: అవును. ఇప్పుడూ చేస్తున్నారా అని ఇంకొక గడి ఉంది. ఆయన అందులో "లేదు. 20-1-2025న రిటైర్డ్" అని రాశారు. రాసి, రోగి చేయాల్సిన చోట తన సంతకం పెట్టారు.

ఆఫియా తల పట్టుకుంది. "మామూ, ఇది చెల్లదు" అని ఇంకొక ఫారం తెచ్చి నాచేత సంతకం పెట్టించింది. మొదటిది చింపబోతుంటే నేను ఆపాను. మడతపెట్టి ఇంటికి తెచ్చుకున్నాను. బీరువాలో ఆయన రిటైర్మెంటు ఆర్డరు పక్కన పెట్టాను.

తొమ్మిదిన్నర అయింది. తిట్లకు చోటుంది కానీ నాకు నిద్రొస్తోంది.

నీ
రిటైర్డ్ సుబ్బరత్నం